అర్జీలో అయిదో వాక్యం

మార్చి 3, సోమవారం

రేడియో వాళ్ళు ప్రశ్నలు ముందే పంపారు. మూడే. వ్యాపారం గురించి మీ అభిప్రాయం, కళల గురించి మీ అభిప్రాయం, పబ్లిక్ స్కూళ్ళ గురించి, అంటే ఇక్కడి ప్రభుత్వ బడుల గురించి, మీ అభిప్రాయం. ఆదివారం తెలుగు కార్యక్రమంలో అరగంట. అడిగే అమ్మాయి పేరు చైత్ర. గొంతు వింటే ఇరవై అయిదు దాటినట్టు లేదు. నాకు అరవై రెండు. అభిప్రాయాలకేం కొదవ? అడగాలే గాని పొద్దుగూకేదాకా చెప్తాను.

మొదటిది తేలిక. ముప్పై ఏళ్ళ క్రితం పెండిల్ హిల్‌లో మా గరాజ్‌లో నలుగురు పిల్లలకి లెక్కలు చెప్పడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు సిడ్నీలో పద్నాలుగు కోచింగ్ సెంటర్లు. మెరిట్ మీద సీటిచ్చే సెలెక్టివ్ స్కూళ్ళ పరీక్ష రాసే పిల్లలున్న మనవాళ్ళ ఇల్లు ఏదైనా సరే, కేశవరావు గారి అకాడమీ అంటే తెలియని వాళ్ళుండరు. మూడోదీ తేలికే. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివినవాణ్ణి, పబ్లిక్ స్కూల్ లేకపోతే నేను లేను. అందుకే స్కోఫీల్డ్స్ దగ్గర ఒక పబ్లిక్ హైస్కూల్‌కి నా ఖర్చుతో పెద్ద హాలు తయారుచేయించి ఇస్తున్నాను. వారంలో అయిదు రోజులు వాళ్ళ పిల్లలకి, శని ఆదివారాలు మా బ్యాచ్‌లకి. ఏప్రిల్ అయిదున ప్రారంభం.

రెండోదే చిక్కు. కళ గురించి నాకేం తెలుసు నా మొహం! ముందుగదిలో సోఫా వెనక ఆరడుగుల పెయింటింగ్ ఉంది. గోడ కొలత ఇచ్చి కొన్నాను. అందులో ఉన్నది నదో రోడ్డో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మా ఆవిడ రత్నకుమారిని అడిగితే, "మీ డ్రాయింగ్ మాస్టారి కథ చెప్పండి. అది చెప్పినప్పుడల్లా అందరూ కళ్ళు తుడుచుకుంటారుగా" అంది. నిజమే. అదే చెప్తాను.

మార్చి 9, ఆదివారం

బ్రహ్మాండంగా వచ్చింది. పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు.

వ్యాపారం గురించి నేను చెప్పింది చైత్రకి బాగా నచ్చింది. "మా కోచింగ్ గొప్పది అంటే ఎవడూ నమ్మడమ్మా. పరీక్ష రోజు పొద్దున మా పిల్లలకి ఒక అరటిపండు, పేరు రాసిన నీళ్ళ సీసా చేతిలో పెట్టి పంపుతాం అని చెప్పు, నమ్ముతారు. ఒక్క చిన్న వివరం చాలు. మిగతాదంతా జనం వాళ్ళంతట వాళ్ళే నమ్మేస్తారు" అన్నాను. "అంకుల్, దిస్ ఈజ్ గోల్డ్" అంది.

కళ దగ్గరికి వచ్చేసరికి బ్రహ్మయ్య మాస్టారి కథ ఎత్తుకున్నాను. పదో తరగతి పరీక్షల ముందు నా దగ్గర జామెట్రీ బాక్స్ లేదని తెలిసి, డ్రాయింగ్ మాస్టారు ఆ చాలీచాలని జీతంలోంచే కొత్తది కొనిపెట్టడం. ఆకుపచ్చ డబ్బా, మూత మీద ఏనుగు బొమ్మ. చైత్ర గొంతు బొంగురుపోయింది. నాకూ ఊపు వచ్చేసింది. "ఆ హాలుకి మా మాస్టారి పేరే పెడుతున్నాను" అనేశాను అక్కడికక్కడే. అప్పటిదాకా అలాంటి ఆలోచనే లేదు.

అకాడమీ మార్కెటింగ్ అంతా మా అమ్మాయి లిఖిత చూస్తుంది. ఫోన్ చేసి, "డాడ్, దట్స్ జీనియస్. బోర్డ్ డిజైన్ మార్పించేస్తా" అంది.

మార్చి 11, మంగళవారం

మధ్యాహ్నం తెలియని నంబర్ నుంచి ఫోన్.

"నమస్కారం అన్నయ్యగారూ. నేను ఉదయలక్ష్మిని. బ్రహ్మయ్య మాస్టారి రెండో అమ్మాయిని."

ఈవిడ ఇరవై రెండేళ్ళుగా సిడ్నీలోనే ఉందట. పెండిల్ హిల్‌లో ఫార్మసీ నడుపుతోందట. రేడియో విని, చైత్రని అడిగి నా నంబర్ తీసుకుందట.

"నాన్న పోయి పన్నెండేళ్ళయింది అన్నయ్యా. ఇక్కడ, ఈ దేశంలో, కారులో వెళ్తుంటే ఆయన పేరు వినపడింది. కారు పక్కకి ఆపేసుకుని ఏడ్చాను" అంది. తర్వాత నవ్వింది. "ఆ జామెట్రీ బాక్స్ సంగతి మాకెవ్వరికీ తెలియదు! నేను కొనమంటే అక్క పాతది వాడుకోవే అనేవారు. మీకు మాత్రం కొత్తది కొన్నారా? చూశారా, ఎంత పక్షపాతమో!"

నేనూ నవ్వాను. ప్రారంభోత్సవానికి తప్పకుండా రావాలని, స్టేజి మీద శాలువా కప్పుతామని చెప్పాను. వచ్చే శనివారం హాలు చూడ్డానికి వస్తానంది.

మార్చి 12, బుధవారం

జామెట్రీ బాక్స్ కొన్నది మా మేనమామ. ఎప్పుడో ఒక మీటింగ్‌లో, కథకి బలం చాల్లేదనిపించి దాన్ని మాస్టారి చేతిలో పెట్టాను. ఏనుగు బొమ్మ మాత్రం నిజం.

మార్చి 15, శనివారం

ఉదయలక్ష్మి వచ్చింది. మాస్టారి ముక్కే, మాస్టారి నడకే. నన్ను చూడగానే వంగి కాళ్ళకి దండం పెట్టబోయింది. వద్దమ్మా వద్దమ్మా అని వెనక్కి గెంతినంత పని చేశాను.

హాల్లో ఇంకా పని జరుగుతోంది. ఒకడు గోడకున్న పెద్ద సింకులు ఊడదీసి బయటికి మోస్తున్నాడు. కార్పెట్ సగమే పరిచారు. మిగతా సగం నేల నిండా ఎరుపు, పసుపు, నీలం రంగు చుక్కలు. ఆవిడ ఆ చుక్కల దగ్గర ఆగిపోయింది.

"ఇదివరకు ఇది ఏ గది అన్నయ్యా?"

నా పక్కన లిఖిత ఉంది. "ఇట్ వాజ్ ద ఆర్ట్ రూమ్, ఆంటీ. డోంట్ వర్రీ, ఆర్ట్ క్లాసెస్‌ని వెనక డిమౌంటబుల్‌లోకి షిఫ్ట్ చేశారు" అంది. డిమౌంటబుల్ అంటే గ్రౌండ్ చివర దించిన రేకు గది. అందులో కుళాయి లేదు.

ఉదయలక్ష్మి ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వింది. వెటకారంగా కాదు, మామూలుగానే నవ్వింది. "డ్రాయింగ్ మాస్టారి పేరు పెట్టడానికి, డ్రాయింగ్ గదే దొరికిందా అన్నయ్యా తీసేయడానికి?"

ఒట్టు, ఆ క్షణందాకా నాకు తట్టలేదు. నాకే కాదు. లిఖితకి తట్టలేదు, ప్రిన్సిపాల్‌కి తట్టలేదు, బోర్డు డిజైన్ చేసినవాడికి తట్టలేదు. తల కొట్టేసినట్టయింది. ఏదో గొణిగాను, పిల్లల భవిష్యత్తు అనీ, పోటీ అనీ. నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది.

ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని మామూలుగా చెప్పుకుంటూ పోయింది. "నాన్నకీ ఇలాగే పీరియడ్లు తీసేశారు. పదో తరగతి పిల్లలెవరో ఆయన మీద అర్జీ పెట్టారట. మాచర్ల అవతలికి ట్రాన్స్‌ఫర్ చేశారు. నాకు పదేళ్ళప్పుడు. చదువులు పాడవుతాయని అమ్మా మేమిద్దరం ఊళ్ళోనే ఉండిపోయాం. ఏడేళ్ళు నాన్న నెలకి రెండు ఆదివారాల మనిషైపోయారు." అంటూనే నా వైపు తిరిగింది. "మీదే బ్యాచ్ అన్నయ్యా? మీకు తెలుసా ఆ గొడవ?"

"మాది దానికి ముందు బ్యాచ్ అమ్మా" అన్నాను.

ఎందుకన్నాను? అందరం సంతకాలు పెట్టాం. ముప్పై ఎనిమిది మంది. నాది ఎక్కడో మధ్యలో ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్లలకి ఏం తెలుస్తుంది?

మార్చి 16, ఆదివారం

మధ్యలో కాదు. మొదటి సంతకమే నాది.

మార్చి 18, మంగళవారం

పాత ఈమెయిల్ ఒకటి వెతికి తీశాను. జనవరిలో ఆ స్కూల్ ఆర్ట్ టీచర్ రాసింది. చాలా మర్యాదగా రాసింది. గది ఇచ్చేయడం మీద తనకి అభ్యంతరం చెప్పే అధికారం లేదట. కనీసం ఒక్క సింకు ఉంచితే పిల్లలు బ్రష్షులు కడుక్కోవడానికి టాయిలెట్ దాకా నడవక్కర్లేదట. దాన్ని లిఖితకి పంపుతూ పైన నేను రాసింది మూడు మాటలు: డీల్ విత్ ఇట్.

లిఖితని అడిగాను, ఏం చేశావమ్మా అని.

"యూ సెడ్ డీల్ విత్ ఇట్, డాడ్. సో ఐ డీల్ట్ విత్ ఇట్."

"నువ్వు కూడా ఇయర్ ఇలెవెన్‌లో ఆర్ట్ తీసుకున్నావు కదూ?"

"ఫర్ టూ వీక్స్. దెన్ యూ మేడ్ మీ డ్రాప్ ఇట్ ఫర్ ఎక్స్‌టెన్షన్ మాథ్స్." లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "ఇట్స్ ఫైన్. ఇట్ వాజ్ ఏజెస్ అగో."

ఫైన్ అన్న మాట మా అమ్మాయి ఎప్పుడంటుందో నాకు తెలుసు. ఆ సంవత్సరం తను రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. టీనేజ్ కదా అనుకున్నాను. అనుకోవడానికి అది హాయిగా ఉంది మరి.

మార్చి 20, గురువారం

రాసింది నేనే. ఇక్కడైనా రాసి పడేస్తాను, ఈ డైరీ ఎవరు చూడొచ్చారు గనక.

క్లాసులో అందరికంటే నా దస్తూరీ బావుండేది. బావుండేలా చేసింది బ్రహ్మయ్య మాస్టారే. సాయంత్రాలు ఆయన ఊళ్ళో కొట్లకి బోర్డులు రాసేవారు. కంటితోనే కొలుచుకుని గీత తప్పకుండా రాసేవారు. తలకట్టు ఎక్కడ ఆగాలో, కొమ్ము ఎంత సాగాలో నాకు చెయ్యి పట్టుకుని నేర్పారు. ఇంకెవరికీ అంత ఓపిగ్గా నేర్పలేదు.

లెక్కల మాస్టారికి డ్రాయింగ్ పీరియడ్లు కావాల్సి వచ్చాయి. పిల్లలే అడుగుతున్నట్టు జిల్లా పరిషత్‌కి అర్జీ పోతే పని అవుతుందన్నారు. "కేశవా, నీ రాత బావుంటుంది, నువ్వు రాయరా" అన్నారు. నేను ఉబ్బిపోయాను. ఆయన చెప్పారు, నేను రాశాను. రాత నాది, మాటలు ఆయనవి. అది గుర్తుంచుకోవాలి.

మార్చి 23, ఆదివారం

లెక్కల మాస్టారు చెప్పినవి నాలుగు వాక్యాలు. అర్జీలో ఉన్నవి అయిదు.

మార్చి 24, సోమవారం

ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి వెళ్ళలేదు. ఒంట్లో బాగానే ఉంది.

మార్చి 27, గురువారం

ఈ రోజు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

మొదటి నాలుగు వాక్యాలూ మర్యాదగానే ఉన్నాయి. పరీక్షలు దగ్గరపడ్డాయి, డ్రాయింగ్‌కి మార్కులు లేవు, ఆ పీరియడ్లు లెక్కలకి ఇప్పించండి, ఇట్లు మీ విధేయులు. సాపు ప్రతి రాయడానికి ఇంటికి తెచ్చుకున్నాను. చదువుకుంటే చప్పగా ఉంది. ఇది చూసి ఏ ఆఫీసరు కదులుతాడు అనిపించింది. కూర్చుని ఆలోచించాను. ఒక వాక్యం కలిపాను.

"డ్రాయింగు మాస్టారు తరగతిలో కిటికీ పక్కన కూర్చుని బీడీలు కాలుస్తూ, పీకలు మా చేత ఏరిస్తున్నారు."

మాస్టారు జన్మలో బీడీ ముట్టలేదు. కిటికీ పక్కన కూర్చునేవారు, అది నిజమే. వెలుతురు కోసం. ఆ నిజం పక్కన అబద్ధాన్ని పెట్టాను, నమ్మాలని. పీకలు ఏరించడం ఎక్కడినుంచి తెచ్చానో నాకే తెలియదు. ఆయన మీద కోపమా? లేదు. ఎప్పుడైనా నన్నొక మాట అన్నారా? లేదే! వాక్యం బాగా కుదిరింది, అంతే. రెండుసార్లు పైకి చదువుకుని ముచ్చటపడ్డాను కూడా.

పొద్దున మిగతావాళ్ళు చదవకుండానే సంతకాలు పెట్టారు. లెక్కల మాస్టారు చదివారు. ఆ వాక్యం దగ్గర ఆగి నా మొహంలోకి చూశారు. ఏమీ అనకుండా మడిచి కవర్లో పెట్టుకున్నారు.

రేడియోలో వ్యాపార రహస్యం అని గొప్పలు పోయానే, ఆ విద్య నేను మొదట వాడింది బ్రహ్మయ్య మాస్టారి మీద. ఛీ. నలభై ఆరేళ్ళు ఈ సంగతి దాచి, పైగా ఆయన్ని తీసుకెళ్ళి నా ఉపన్యాసాల్లో నిలబెట్టి, ఆయన కొనని డబ్బా ఆయన చేతిలో పెట్టి చప్పట్లు కొట్టించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను అని జనం ఊరికే అంటుంటారు. నాకు నిజంగానే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మార్చి 29, శనివారం

పెండిల్ హిల్ వెళ్ళాను. ఫార్మసీ ముందు కారు ఆపి అరగంట కూర్చున్నాను. లోపలికి వెళ్ళి, ముందు దగ్గు మందు అడిగాను. నాకు దగ్గు లేదు.

"రండన్నయ్యా! ఫోన్ చేస్తే నేనే తెచ్చిచ్చేదాన్నిగా" అంది ఉదయలక్ష్మి. కౌంటర్ దాటి వచ్చి, వెనక చిన్న గదిలో స్టూలు వేసింది. టీ పెట్టబోతుంటే వద్దన్నాను. టీ తాగి చెప్పగలిగే మాట కాదు.

చెప్పాను. బ్యాచ్ సంగతి, సంతకం సంగతి, దస్తూరీ సంగతి. జామెట్రీ బాక్స్ సంగతి. అయిదో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఇక్కడితో ఆపేద్దామా అనిపించింది. అయినా అన్నాను, అక్షరం పొల్లుపోకుండా.

ఆవిడ మందుల అట్టపెట్టె మీద స్టిక్కర్ అంచు గోటితో నొక్కుతూ ఉంది.

"విచారణకి ఒకాయన వచ్చాడు" అంది చివరికి. "హెడ్మాస్టారి గదిలో, ప్యూను చూస్తుండగా, నాన్న జేబులు తిప్పించాడట. వేళ్ళు చాపమని వాసన చూశాడట. బోర్డులు రాసే చెయ్యి కదా, టర్పెంటైన్ వాసన. అదేం వాసనో ఆ వచ్చిన ఆఫీసరుకి తెలియలేదు. పొగాకు అనే రాసుకుపోయాడట. నాన్న మాకు చెప్పలేదు. ప్యూను పెళ్ళాం వచ్చి అమ్మకి చెప్పింది. ఆ తర్వాత నాన్న బోర్డులు రాయడం మానేశారు. ఎందుకు మానేశారో అమ్మ చెప్తే గాని మాకు తెలియలేదు."

నేను తల దించుకుని కూర్చున్నాను.

"నన్నేం చేయమంటావమ్మా?" అన్నాను. "హాలు పేరు..."

"పేరు గురించీ గది గురించీ నన్నడగకండి. మీరు పెట్టుకున్న పేరు, మీరు తీసుకున్న గది." మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది. "నాన్న మీద ఆ మాట నలుగురికీ తెలిసేలా అన్నారు. కాదని కూడా నలుగురికీ తెలిసేలా అనండి. అయిదో తారీఖున నేనొస్తాను. శాలువా మాత్రం తేకండి, కేశవరావు గారూ."

అన్నయ్య పోయింది. ఆవిడ అడిగింది న్యాయమే. ఆ రోజు రెండొందల మంది పేరెంట్స్ వస్తారు, మా బ్యాచ్‌ల వాళ్ళే. వాళ్ళ ముందు, టీచర్ల ముందు, నేను అబద్ధాలు రాసే మనిషినని నా నోటితో నేను చెప్పుకోవాలి. చెప్తానని మాటిచ్చి వచ్చాను.

దగ్గు మందు కౌంటర్ మీదే మర్చిపోయాను.

ఏప్రిల్ 2, బుధవారం

రత్నకి ఇంకా చెప్పలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టాను. "ఏంటండీ, ఏదో చెప్పబోయి ఆగిపోతున్నారు?" అంటే, శనివారం ఏ చీర కట్టుకుంటావు అని అడిగాను.

ఏప్రిల్ 5, శనివారం

రాస్తాను. వరసగా రాస్తాను.

పదిన్నరకి మొదలైంది. హాలు నిండిపోయింది. చైనా వాళ్ళు, కొరియా వాళ్ళు, తమిళులు, గుజరాతీలు, ఓ నలభైమంది మనవాళ్ళు. ప్రిన్సిపాల్ ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ఈ నేల అసలు యజమానులైన ఆదివాసులకి వందనాలు చెప్పి, నా గురించి రెండు నిమిషాలు పొగిడింది. గోడ మీద బోర్డుకి నీలం తెర వేలాడుతోంది. ఉదయలక్ష్మి రెండో వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. నూలు చీర కట్టుకుంది.

లిఖిత రాసిచ్చిన ఇంగ్లీషు ఉపన్యాసం చదివాను. నవ్వాల్సిన చోట నవ్వారు. కాగితం అయిపోయింది. ఇక మిగిలింది ఆ మాటే.

"ఇప్పుడు నా మాతృభాషలో ఒక మాట చెప్పుకుంటాను" అని ఇంగ్లీషులో అన్నాను. తెలుగులోకి తిరిగాను. చెప్పాను. అర్జీ, సంతకం, బీడీ వాక్యం, అది పచ్చి అబద్ధం అన్న సంగతి, జామెట్రీ బాక్స్. ఏదీ వదల్లేదు. గొంతు వణికింది, కళ్ళు తడిశాయి. అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను, గుండెలో మాట అమ్మ భాషలోనే వస్తుందని.

గుండె లేదు, గాడిదగుడ్డూ లేదు. ముప్పై నాలుగేళ్ళుగా ఇంగ్లీషులో బేరాలు చేస్తున్నవాణ్ణి. ఎవరికి అర్థమవుతుందో, ఎవరికి కాదో లెక్క చూసుకునే తెలుగులోకి తిరిగాను.

అయిపోగానే నూట అరవైమంది చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ కళ్ళు ఒత్తుకుని, "వాట్ ఎ బ్యూటిఫుల్ ట్రిబ్యూట్" అంది. ముందు వరసలో చైనా తాతగారు ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. మనవాళ్ళు నలభైమందీ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. రత్న తల వంచేసుకుంది. నేను చప్పట్లు ఆగమని అనలేదు. ఆ మాట కూడా రాయాలి. అనలేదు.

ఉదయలక్ష్మి లేచి నడుచుకుంటూ వచ్చింది. మైకు కోసం చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

"నేను బ్రహ్మయ్య గారి రెండో అమ్మాయిని" అంది ఇంగ్లీషులో. "కేశవరావు గారు ఇప్పుడు చెప్పింది ఇక్కడ చాలామందికి అర్థమైనట్టు లేదు. నేను ఇంగ్లీషులో చెప్తాను."

ముసలివాళ్ళకి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టు, నెమ్మదిగా, ఒక్కో వాక్యం విడివిడిగా చెప్పింది. నేను అన్నదానికి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. మా నాన్న క్లాసులో బీడీలు కాలుస్తారని ఈయన రాశారు. మా నాన్న ఎప్పుడూ కాల్చలేదు. ఈయనకి అది తెలుసు. తెలిసే రాశారు. ఆయన ఉద్యోగం దూరానికి మార్చారు. ఆయన ఈయనకి జామెట్రీ బాక్స్ కొనలేదు.

చైనా తాతగారు మనవరాలిని ఏదో అడిగాడు, ఆ పిల్ల చెవిలో చెప్పింది, ఆయన కూర్చున్నాడు. వెనక గోడకి ఆనుకుని ఆర్ట్ టీచర్ నిలబడి ఉంది. ఇన్నాళ్ళలో ఆవిడ పేరు కూడా నేను అడగలేదు.

ఉదయలక్ష్మి నా వైపు తిరిగి, తెలుగులో, మైకు కిందికి దించి అడిగింది. "ఇంకేమైనా ఉందా కేశవరావు గారూ?"

"లేదమ్మా" అన్నాను.

"అయితే ఆ తెర తీయకండి."

మైకు నా చేతిలో పెట్టి, అటునుంచి అటే బయటికి వెళ్ళిపోయింది. తెర ఎవరూ తీయలేదు. ప్రిన్సిపాల్ మార్నింగ్ టీ రెడీగా ఉందని చెప్పింది. జనం పళ్ళేలు పట్టుకుని నాకు దూరంగా నిలబడ్డారు. మూడేళ్ళుగా ఇద్దరు పిల్లల్ని మా దగ్గరికి పంపుతున్న ఒకాయన చెయ్యి కలపడానికి వచ్చి, సగంలో ఫోన్ మోగినట్టు తీసి చూసుకుంటూ తిరిగి వెళ్ళిపోయాడు. ఫోన్ మోగలేదు.

కారులో ఇంటికొచ్చాం. గేటు తీస్తుంటే రత్న అంది. "జామెట్రీ బాక్స్ కూడానా? ఆ కథ నేను ఎంతమంది పిల్లలకి చెప్పానో తెలుసా మీకు?"

ఏప్రిల్ 6, ఆదివారం

"ఇంకేమైనా ఉందా" అంది. ఉంది. గది ఉంది. లేదన్నాను.

ఏప్రిల్ 9, బుధవారం

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి చెప్పాను, గది మళ్ళీ ఆర్ట్‌కే ఇచ్చేయండి, సింకులు మా ఖర్చుతో పెట్టిస్తాను, శని ఆదివారాల లీజు రద్దు అని. ఆవిడ ముందు నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. ఆర్ట్ టీచర్ని పిలిపించింది. ఆవిడ నా మాట పూర్తిగా విని, "థాంక్యూ" అని, "విచ్ టర్మ్?" అని అడిగింది. వచ్చే టర్మ్‌కే అన్నాను. రాసివ్వమంది. నమ్మకపోవడంలో తప్పేముంది? రాసిచ్చాను.

ఇంటికొస్తే లిఖిత విరుచుకుపడింది. "వన్ ఫార్టీ కిడ్స్, డాడ్! టెస్ట్‌కి త్రీ వీక్స్ లేదు. ఎక్కడ కూర్చోపెట్టమంటారు వాళ్ళని? ఆల్రెడీ ట్వెంటీ సిక్స్ ఫామిలీస్ క్యాన్సిల్ చేశారు, డూ యూ నో దట్?"

"తెలుసమ్మా."

"నో, యూ డోంట్. దే ఆర్ ఆస్కింగ్ మీ, అకాడమీ రిజల్ట్స్ కూడా మీ డాడ్ మేడ్ అప్ చేసినవేనా అని. వాట్ డు ఐ టెల్ దెమ్?"

రిజల్ట్స్ నిజమే. ఒక్క అంకె అబద్ధం లేదు. కానీ ఆ మాట ఇప్పుడు నా నోట ఎలా చెప్పను? ఊరుకున్నాను. నేను ఊరుకోవడం చూసి తనూ చల్లబడింది. కాసేపటికి, "ఐ'ల్ ఫైండ్ ఎ హాల్" అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "సింకులు తీయించింది నేను. పెట్టించేది కూడా నేనే. మీరు ఆ ప్లంబర్‌కి ఫోన్ చేయొద్దు."

"ఇయర్ ఇలెవెన్‌లో నేను చేసింది తప్పు లిఖితా" అన్నాను. ఎన్నాళ్ళ మాటో అది. తను అటే తిరిగి ఉండి, "యా. ఇట్ వాజ్" అంది. ఫైన్ అనలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

స్కూలుకి సెలవులు. పొద్దున వెళ్ళి చూశాను. కార్పెట్ తీసేశారు. సింకులు రెండూ బిగించారు, కుళాయి తిప్పితే నీళ్ళు బాగానే వస్తున్నాయి. బోర్డు ఊడదీసి గోడకి చేరేశారు, దాన్ని తీసుకెళ్ళమన్నారు. కారులో పట్టలేదు, రేపు వ్యాన్ పంపాలి.

బాగానే ఉందనిపించింది. అక్కడితో ఆగి ఇంటికి రావచ్చుగా? ఫోటో తీశాను. ఉదయలక్ష్మి గారికి పంపాను. "గది మళ్ళీ ఆర్ట్ వాళ్ళకే ఇచ్చేశామమ్మా. కొత్త సింకులు రెండు. చూడండి." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

వెంటనే రెండు నీలం టిక్కులు పడ్డాయి.

మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. ఏం రాస్తుందని నా ఆశ? పరవాలేదు అన్నయ్యా అనా? ఆ ఒక్క మాట కోసం, వాళ్ళ నాన్న వేళ్ళు ఎవడో వాసన చూసేలా చేసినవాణ్ణి, ఆవిడకి సింకు ఫోటో పంపి మార్కులు వేయమని కూర్చున్నాను. సిగ్గు లేదూ నాకు?

నాలుగున్నరైంది. జవాబు లేదు. మెసేజ్ తీసేద్దామని లిఖితకి ఫోన్ చేసి ఎలా తీయాలో అడిగాను. తీసేయొచ్చట, కానీ తీసేసినట్టు ఆవిడ ఫోన్‌లో కనపడుతుందట.

అలాగే ఉంచాను.